పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు వినిపించే వింతలు, వాటి విరుగుళ్ళు

ఇంట్లో పాత క్యాసెట్లు మిగిలి ఉన్నవారికి వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలన్న ఆలోచన ఏదో ఒక సెలవు రోజున రాక మానదు. చూడటానికి అది చాలా తేలికైన పని: టేప్‌రికార్డరుకూ కంప్యూటర్‌కూ మధ్య ఒక కేబుల్, నొక్కడానికి ఒక బటన్. తీరా మొదలుపెట్టాక తాతగారి గొంతు బడిపిల్లవాడి గొంతులా వస్తుంది, తంబుర మోగీ మోగకముందే మాయమవుతుంది, హరిదాసు నోరు తెరవకముందే ఆయన మాట లీలగా వినిపిస్తుంది. ఇవన్నీ నాకు ఎదురైనవే. మా ఇంట్లో ఒక రేకుపెట్టె నిండా క్యాసెట్లు ఉండేవి: అమ్మమ్మ పాడిన మంగళహారతులు, మా ఊరి శ్రీరామనవమి పందిట్లో చెప్పించిన హరికథలు, సౌదీ అరేబియాలోని దమ్మామ్‌లో పనిచేసిన మా మేనమామ ఉత్తరాలకు బదులుగా మాట్లాడి పంపిన క్యాసెట్లు. వాటన్నింటినీ ఎక్కించేసరికి నాకు ఒక అలవాటు స్థిరపడింది. వింత చప్పుడు వినిపించగానే దాన్ని తుడిచేసే బటన్ కోసం వెతకను. అది టేపులో ఉందా, టేప్‌రికార్డరులో ఉందా, కేబుల్‌లో ఉందా, కంప్యూటర్‌లో ఉందా అన్నది ముందు తేల్చుకుంటాను. ఆ తేల్చుకునే పద్ధతిని పని జరిగే వరసలోనే ఇక్కడ వివరిస్తున్నాను.

క్యాసెట్‌ను ముందుగా చూసుకోవడం

మొదటి పని కంప్యూటర్‌తో కాదు, గోటితో. క్యాసెట్ వెనక అంచున రెండు మూలల్లో రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి. అవి ఉన్నంతకాలం ఆ క్యాసెట్ మీద మళ్ళీ రికార్డు చేయవచ్చు. వాటిని విరిచేస్తే టేప్‌రికార్డరు ఎర్ర బటన్ ఎంత నొక్కినా దిగదు. దుకాణంలో కొన్న సినిమా పాటల క్యాసెట్లకు ఆ రెక్కలు ముందే ఉండవు గానీ, ఇంట్లో రికార్డు చేసుకున్నవాటికి చాలావరకు అలాగే ఉండిపోతాయి. రెండింటినీ విరిచిన తర్వాతే క్యాసెట్‌ను లోపల పెట్టాలి. ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మా అమ్మమ్మ హారతుల క్యాసెట్‌లో ఒక చరణం నడుమ పదకొండు సెకన్ల పాటు ఆమె గొంతు ఆగిపోయి, నా గొంతు వచ్చి, ‘ఇది పనిచేస్తోందా?’ అని అడిగి వెళ్ళిపోతుంది.

టేపు వదులుగా ఉంటే ఆరు పలకల పెన్సిల్‌ను చక్రంలో దూర్చి తిప్పి బిగించాలి. ఇది ఎవరికీ నేర్పనక్కరలేని విద్య అనుకున్నాను. మా అబ్బాయికి నేర్పవలసి వచ్చింది. తర్వాత టేపు బయటికి కనిపించే వైపు మధ్యలో ఒక సన్నని లోహపు పట్టీ మీద ఫెల్ట్ ముక్క ఉందో లేదో చూడాలి. టేపు మీది ధ్వనిని చదివే భాగాన్ని హెడ్ అంటారు, టేపును దానికి ఆనించి ఉంచేది ఆ ముక్కే. జిగురు ఎండి అది ఊడిపోతే పాడేవారు దుప్పటి ముసుగు పెట్టుకుని పాడినట్టు ఉంటుంది. అటువంటి ధ్వనిని కంప్యూటర్‌లో ఎంత సవరించినా బాగుపడదు. పనికిరాని మరో క్యాసెట్ నుంచి ఫెల్ట్ తీసి అంటిస్తే రెండు నిమిషాల్లో బాగుపడుతుంది. టేప్‌రికార్డరు హెడ్‌నూ, దాని పక్కనుండే రబ్బరు చక్రాన్నీ దూది చుట్టిన పుల్లతో తుడవాలి. హెడ్‌కు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడవచ్చు. దూదికి గోధుమ రంగు పొడి అంటడం ఆగేవరకు తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి.

ఇంకొక్కటి చాలామంది దాటవేస్తారు గానీ ఫలితం దానితోనే ఎక్కువ మారుతుంది. హెడ్ పక్కన చిన్న స్ప్రింగ్ మీద కూర్చున్న స్క్రూ ఒకటి ఉంటుంది. టేపు మొత్తం వెడల్పు 3.81 మిల్లీమీటర్లు; అందులో స్టీరియో క్యాసెట్‌కు నాలుగు దారులు, ఒక్కొక్కటి సుమారు 0.6 మిల్లీమీటరు. రికార్డు చేసిన యంత్రం హెడ్ ఒక కోణంలోనూ, మన యంత్రం హెడ్ మరో కోణంలోనూ ఉంటే సన్నని ధ్వనులన్నీ మొద్దుబారిపోతాయి. క్యాసెట్ తిరుగుతూ ఉండగా ఆ స్క్రూను వీసమెత్తు అటూ ఇటూ తిప్పుతూ, ‘స’కార ‘శ’కారాలు, చిడతల గజ్జెలు ఎక్కడ పదునుగా వినిపిస్తాయో అక్కడ ఆపాలి. తిప్పకముందు స్క్రూ ఉన్న చోటును పెన్నుతో గుర్తు పెట్టుకోవడం మంచిది. ఒక క్యాసెట్‌కు సరిపోయిన కోణం మరో యంత్రంలో రికార్డయిన క్యాసెట్‌కు సరిపోదు కాబట్టి, ఈ పని క్యాసెట్ క్యాసెట్‌కూ చేయవలసిందే.

కేబుల్, జాక్, మోతాదు

ఇప్పటి ల్యాప్‌టాప్ పక్కన ఉండే ఒక్కగానొక్క గుండ్రటి రంధ్రంలో లోపలికి ధ్వని తీసుకునే భాగాన్ని మైకు కోసం పెట్టారు. మైకు ఇచ్చే సంకేతం కొన్ని మిల్లీవోల్టులకు మించదు కాబట్టి దాన్ని బాగా పెంచే ఏర్పాటు లోపల ఉంటుంది. టేప్‌రికార్డరు నుంచి వచ్చే సంకేతం దానికి వంద రెట్లు ఉండవచ్చు. దాన్ని తీసుకువెళ్ళి మైకు రంధ్రంలో పెడితే పగిలిన స్పీకరులో విన్నట్టు ఉంటుంది, పైగా కుడి ఎడమలు రెండూ కలిసి ఒక్కటైపోతాయి. ఇటువంటి పెద్ద సంకేతాన్ని తీసుకునే లైన్ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (ధ్వనిని కంప్యూటర్‌లోకి పంపే చిన్న డబ్బా) ఒకటి కొనుక్కోవడం ఈ మొత్తం పనిలో తప్పించుకోకూడని ఖర్చు. టేప్‌రికార్డరుకు లైన్ అవుట్ లేకపోతే హెడ్‌ఫోన్ రంధ్రం నుంచే తీసుకుని, వాల్యూమ్‌ను సగం దగ్గర ఉంచాలి.

వింటున్నప్పుడు హఠాత్తుగా గాయకుడు మాయమై, వాద్యాలు మాత్రమే బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తే హెడ్‌ఫోన్ జాక్‌ను గట్టిగా లోపలికి నొక్కండి. కుడి ఎడమలకు ఉమ్మడిగా ఉండే తీగ తగలకపోతే, రెండింటిలోనూ సమానంగా ఉన్న ధ్వని ఒకదానినొకటి రద్దు చేసుకుంటుంది. గాయకుడి గొంతును సాధారణంగా సరిగ్గా మధ్యలో ఉంచుతారు కనుక మొదట పోయేది ఆయనే. వాక్‌మన్ రోజుల్లో మేము దీన్ని కావాలనే చేసి, మిగిలిన వాద్యాల మీద మా పాట పాడుకునేవాళ్ళం.

రికార్డు చేయడానికి ఆడాసిటీ సరిపోతుంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ 2000లో జనానికి అందింది. అందులో ధ్వని మోతాదును చూపే పట్టీ మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర తచ్చాడేలా చూసుకోవాలి. సున్నాను తాకితే పైనున్న భాగాన్ని కత్తితో కోసినట్టే. టేపు అయితే ఎక్కువైన చప్పుడును కాస్త నలిపి మింగుతుంది గానీ కంప్యూటర్‌కు ఆ ఓర్పు లేదు. మోతాదును కథ మొదట్లో హరిదాసు మెల్లగా మాట్లాడే చోట కాదు, ఆయన ‘శ్రీమద్రమారమణ’ అనగానే పందిట్లో జనమంతా ‘గోవిందో హరి’ అని అరిచే చోట పెట్టాలి. నేను మొదటి క్యాసెట్‌ను కథారంభం చూసి సర్దుకున్నాను. గంట తర్వాత వినబోతే గోవింద నామం వచ్చిన ప్రతిసారీ ఇసుక కుమ్మరించినట్టు ఉంది. మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాను.

మాయమైన తంబుర

మా పెద్దమ్మ సంగీతం నేర్చుకునే రోజుల్లో పాఠాలను రికార్డు చేసుకున్న క్యాసెట్ ఒకటి ఉంది. దాన్ని ఎక్కించి విన్నప్పుడు మొదటి రెండు సెకన్లు తంబుర నిండుగా మోగింది. ఆ తర్వాత ఎవరో మధ్యలో తలుపు వేసినట్టు అణిగిపోయింది. పెద్దమ్మ పాట అందుకోగానే ఆమె గొంతు వెనక నుంచి తంబుర తొంగిచూసింది. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగితే అదీ ఆగింది. క్యాసెట్‌ను నేరుగా టేప్‌రికార్డరులో వింటే తంబుర ఎక్కడా తగ్గలేదు. అంటే తప్పు టేపుది కాదు, కేబుల్‌ది కాదు.

కారణం కంప్యూటర్ మంచితనం. వీడియో కాల్స్‌లో మాట స్పష్టంగా వినిపించడం కోసం చాలా ల్యాప్‌టాప్‌లు వెనక వచ్చే చప్పుళ్ళను తమంతట తామే తీసేస్తాయి. ఏ ధ్వని మారకుండా ఒకే తీరుగా సాగుతుందో అది ఫ్యాన్ చప్పుడో ఏసీ చప్పుడో అయి ఉంటుందని అవి లెక్క వేసుకుంటాయి. మారకుండా ఒకే తీరుగా సాగడమే తంబుర పని. పాపం, ఆ లెక్క ప్రకారం తంబురకూ పంకాకూ తేడా లేదు. నాదస్వరం వెనక శ్రుతికీ, హార్మోనియం మీద పట్టి ఉంచిన షడ్జానికీ ఇదే గతి పడుతుంది. విండోస్‌లో సౌండ్ సెట్టింగ్స్‌కు వెళ్ళి, రికార్డింగుకు వాడే పరికరాన్ని ఎంచుకుని, ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నదాన్ని ఆపివేయాలి. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ఆడియో సాఫ్ట్‌వేర్ వేరే ఉంటే అందులోనూ నాయిస్ క్యాన్సిలేషన్‌ను ఆపాలి. ఇది అయ్యాకనే అసలు రికార్డింగు మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే ఇలా పోయిన ధ్వనిని తర్వాత తిరిగి తెచ్చుకునే దారి లేదు.

గుయ్‌మనే చప్పుడు, దమ్మామ్ క్యాసెట్

పాట వెనక సన్నగా, మొండిగా ‘గుయ్’ అని సాగే చప్పుడు అందరికీ ఎదురవుతుంది. మన ఇళ్ళలో కరెంటు సెకనుకు 50 సార్లు దిశ మార్చుకుని తిరిగి వస్తుంది కాబట్టి ఈ చప్పుడు 50 హెర్ట్జ్ దగ్గరా, దాని రెట్టింపు 100 దగ్గరా ఉంటుంది. అది ఎక్కడిదో తెలుసుకోవడానికి మూడు మెట్ల పరీక్ష ఉంది. క్యాసెట్‌ను ఆపి వినండి: చప్పుడు పోతే అది టేపులో ఉంది. పోకపోతే ల్యాప్‌టాప్ ఛార్జర్‌ను పీకి వినండి: ఇప్పుడు పోతే టేప్‌రికార్డరుకూ ల్యాప్‌టాప్‌కూ రెండు వేర్వేరు చోట్ల ఎర్త్ తగిలి వాటి మధ్య కరెంటు తిరుగుతోందని అర్థం, రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టడమో, రికార్డింగు సాగినంతసేపు బ్యాటరీ మీద నడపడమో చేయాలి. అప్పటికీ పోకపోతే కేబుల్‌ను మార్చి చూడాలి. ఎర్త్ పిన్నును విరగ్గొట్టి చప్పుడు పోగొట్టే చిట్కా ఎవరైనా చెబితే వినవద్దు, అది ప్రాణం మీదికి వచ్చే పని.

చప్పుడు గుయ్‌మనకుండా, ఫోను మోగడానికి ఒక క్షణం ముందు ‘టిక్‌టికటిక్‌టిక’ అని వస్తే అది జీఎస్‌ఎం ఫోను. ఆ పద్ధతిలో ఫోను సెకనుకు సుమారు 217 సార్లు రేడియో తరంగాలను విడతలుగా వదులుతుంది, పక్కనున్న కేబుల్ ఆ విడతలను పట్టుకుంటుంది. ఫోనును మరో గదిలో పెట్టడమే మందు.

ఇక్కడే నాకు అన్నిటికంటే వింతైనది దొరికింది. మేనమామ పంపిన క్యాసెట్‌లో గుయ్‌మనే చప్పుడు రెండు పొరలుగా, ఒకదానితో ఒకటి పొసగకుండా వినిపించింది. ఆడాసిటీలో అనలైజ్ మెనూ కింద, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత ధ్వని ఉందో గీసి చూపే ప్లాట్ స్పెక్ట్రమ్ తెరిచాను. అందులో సైజ్ అనే అంకె 2048 ఉంటే ఒక్కొక్క మెట్టు 21 హెర్ట్జ్‌కు పైగా ఉంటుంది, అంత దగ్గరి ధ్వనులను అది విడదీయలేదు. 65536కు మారిస్తే మెట్టు ఒక హెర్ట్జ్‌లోపుకు దిగుతుంది. అప్పుడు రెండు శిఖరాలు విడివిడిగా లేచాయి, ఒకటి సరిగ్గా 50 దగ్గర, మరొకటి 61.2 దగ్గర. క్యాసెట్ ఆపినా 50 అలాగే ఉంది, కాబట్టి అది మా ఇంటి కరెంటు. రెండోది టేపులో ఉంది. సౌదీ అరేబియాలో కరెంటు 60 హెర్ట్జ్. మామయ్య గదిలోని కరెంటు ఆయన మాటలతో పాటు సముద్రం దాటి వచ్చిందన్నమాట.

అది 60 దగ్గర కాక 61.2 దగ్గర ఉండటం ఇంకో సంగతి చెప్పింది: నా టేప్‌రికార్డరులో ఆ క్యాసెట్ ఉండవలసినదానికంటే 2 శాతం వేగంగా తిరుగుతోంది. ఎఫెక్ట్ మెనూలో చేంజ్ స్పీడ్ తెరిచి, వేగం గుణకం దగ్గర 0.98 అని ఇచ్చాను. శిఖరం 60 దగ్గరికి వచ్చి నిలిచింది, మామయ్య గొంతు మేము ఎరిగిన గొంతు అయింది. వేగాన్ని సవరించడానికి చేంజ్ పిచ్‌ను వాడకూడదు, అది శ్రుతిని మార్చి కాలాన్ని అలాగే ఉంచుతుంది. టేపు వేగం తప్పినప్పుడు రెండూ కలిసి తప్పుతాయి, కలిసే సరికావాలి.

ఈ ఉపాయానికి హద్దులు ఉన్నాయి. బ్యాటరీలతో నడిచిన టేప్‌రికార్డరు ఈ గుర్తును వదలదు. కువైట్, ఖతర్, ఒమన్, ఎమిరేట్స్‌లో కరెంటు మనలాగే 50 కాబట్టి అక్కడి నుంచి వచ్చిన క్యాసెట్‌లో రెండు చప్పుళ్ళను విడదీయడం కష్టం. ఆ చోట్ల ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద పెట్టి, ఇంటి చప్పుడును ముందే వదిలించుకోవాలి. అమెరికా నుంచి వచ్చినవాటికి 60 గుర్తు పనికొస్తుంది. ఇక మన ఊళ్ళలో రికార్డయినవాటి విషయం కొంచెం తకరారు. 1990లలో దక్షిణాది గ్రిడ్ మీద భారం పెరిగినప్పుడల్లా ఫ్రీక్వెన్సీ 50 కంటే కిందికి జారడం మామూలే కనుక, ఈ లెక్కను రెండు మూడు శాతం అటూ ఇటూగానే నమ్మాలి. అటువంటి చోట రేడియోలో వచ్చిన సినిమా పాట ఏదైనా క్యాసెట్‌లో ఒక ముక్క పడి ఉందేమో వెతికి, అదే పాట విడుదలైన రికార్డుతో శ్రుతి పోల్చుకోవడం మేలు.

బడిపిల్లవాడైన తాతగారు

తాతగారు పద్యాలు చదివిన క్యాసెట్‌ను ఎక్కించి మా అన్నయ్యకు పంపితే, ‘ఈ అబ్బాయి ఎవరు? బాగా చదువుతున్నాడే’ అని జవాబు వచ్చింది. ఇది టేపు చేసిన తప్పు కాదు, అంకెలు చేసినది. ధ్వనిని సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి ఆ కొలతలను వరసగా రాసుకోవడమే డిజిటల్ రికార్డింగు. సీడీల లెక్క సెకనుకు 44,100 కొలతలు. వీడియోల లెక్క 48,000. ఒక లెక్కలో రాసిన కొలతలను మరో లెక్కలో చదివితే గొంతు మారిపోతుంది. 44,100లో రాసినదాన్ని 48,000గా చదివితే వేగం 8.8 శాతం పెరుగుతుంది, ఒకటి శ్రుతిలో పాడినది ఒకటిన్నరకూ రెండుకూ నడిమధ్యకు చేరి ఏ హార్మోనియానికీ అందకుండా నిలుస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి సంగీతజ్ఞానం అక్కరలేదు, గడియారం చాలు. సరిగ్గా 30 నిమిషాల రికార్డింగు 27 నిమిషాల 34 సెకన్లకే అయిపోతే అది ఈ తప్పే. పాడైన మోటారో సాగిన రబ్బరు బెల్టో అయితే తేడా ఇంత కచ్చితంగా ఉండదు, ఒకచోట ఎక్కువగా ఒకచోట తక్కువగా ఊగుతుంది. విరుగుడు చాలా సులువు: ఆడాసిటీలో ట్రాక్ పేరు మీద నొక్కి రేట్ దగ్గర 44,100 ఎంచుకోవాలి. కొలతలేవీ మారవు, వాటిని చదివే వేగం ఒక్కటే మారుతుంది.

ఇంత పొడుగాటి 44,100 అంకె ఎక్కడిదని అడిగేవారికి: తొలి రోజుల్లో డిజిటల్ ధ్వనిని వీడియో టేపుల మీద బొమ్మ రూపంలో దాచేవారు. తెరమీది ఒక్కొక్క గీతలో 3 కొలతలు, తెరను పైనుంచి కిందికి ఒకసారి గీసే ఒక్కొక్క విడతకు 294 గీతలు, సెకనుకు 50 విడతలు, గుణిస్తే 44,100. సెకనుకు 60 విడతల అమెరికా పద్ధతిలో 245 గీతలు వాడినా అదే అంకె వస్తుంది. రెండు ఖండాల టీవీలకూ కుదిరిన ముహూర్తం అది.

శ్రుతి తప్పిన రికార్డును లెక్కతో సరిచేసిన ఉదంతాల్లో నాకు చాలా ఇష్టమైనది మాంచెస్టర్‌ది. 1951లో అక్కడి ఫెరాంటి మార్క్ 1 కంప్యూటర్ చేత బ్రిటిష్ జాతీయగీతంతో సహా మూడు పాటలు పాడించగా, బీబీసీ వారు దాన్ని అసిటేట్ డిస్కు మీద రికార్డు చేశారు. ఒక పాట మధ్యలో యంత్రం మొరాయిస్తే అక్కడున్నవారు నవ్వడం కూడా అందులో వినిపిస్తుంది. న్యూజీలాండ్‌కు చెందిన జాక్ కోప్లాండ్, జేసన్ లాంగ్ ఆ డిస్కును పరిశీలించినప్పుడు, ఆ కంప్యూటర్ అసలు పలకలేని స్వరాలు కొన్ని దానిమీద ఉన్నట్టు తేలింది. యంత్రం పలకగలిగినవి కొన్ని నిర్దిష్టమైన ఫ్రీక్వెన్సీలే కాబట్టి, రికార్డు ఎంత తప్పు వేగంతో తిరిగిందో వాటిని బట్టి లెక్కకట్టి, 2016లో అసలు ధ్వనిని తిరిగి తెచ్చారు. దమ్మామ్ క్యాసెట్‌కు నేను చేసినది దానికి బుల్లి తమ్ముడు.

ముందే వినిపించే మాట, తిరగబడిన భాష

నిశ్శబ్దంగా ఉన్న చోట హరిదాసు మాట మొదలయ్యే రెండు సెకన్ల ముందు అదే మాట సన్నగా వినిపిస్తే హడలిపోనక్కరలేదు. ఏళ్ళ తరబడి చుట్టబడి ఉన్న టేపులో ఒక పొర మీది అయస్కాంతం పక్క పొరకు కొద్దిగా అంటుకుంటుంది. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. ఒక చుట్టు పొడవును బట్టి ఆ నీడ మాట సుమారు ఒకటిన్నర సెకన్ల నుంచి మూడు సెకన్ల తేడాతో, ముందో వెనకో పడుతుంది. రికార్డింగుకు ముందు క్యాసెట్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు రెండుమూడుసార్లు తిప్పితే కొంత తగ్గుతుంది. మిగిలినదాన్ని నేను వదిలేస్తాను.

రెండోది మా చిన్నమ్మాయిని భయపెట్టింది. హారతుల వెనక ఎవరో ఈ లోకానికి చెందని భాషలో గొణుగుతున్నారని వచ్చి చెప్పింది. ఆ ముక్కను ఎంచుకుని ఎఫెక్ట్ మెనూలో రివర్స్ నొక్కితే ఆ భాష తెలుగైంది. అది కూడా పెళ్ళిలో వంటవాళ్ళను సాంబారు గురించి కేకలేస్తున్న మా చిన్నతాత తెలుగు. క్యాసెట్ రెండో వైపు ధ్వని అదే టేపు మీద ఎదురు దిశలో ఉంటుంది. టేపు కాస్త పైకో కిందికో జరిగి నడిస్తే హెడ్ పక్కదారిని కూడా తాకుతుంది. క్యాసెట్‌ను తీసి, అరచేతి మీద మెల్లగా తట్టి, పూర్తిగా ఒకసారి తిప్పి పెడితే చాలాసార్లు సర్దుకుంటుంది.

ఎంత తుడవాలి

నాయిస్ రిడక్షన్ ఈ మొత్తం పనిలో అందరూ మొదట నొక్కే బటన్, అందరూ చివర నొక్కవలసిన బటన్. పాట లేకుండా టేపు చప్పుడు మాత్రమే ఉన్న రెండు మూడు సెకన్ల ముక్కను ఎంచుకుని గెట్ నాయిస్ ప్రొఫైల్ నొక్కాలి, తర్వాత మొత్తం ట్రాక్‌ను ఎంచుకుని ఎంత తగ్గించాలో చెప్పాలి. 6 డెసిబెల్స్‌తో మొదలుపెట్టండి. నేను అత్యాశతో 24 ఇచ్చినప్పుడు అమ్మమ్మ చెరువు అడుగున కూర్చుని పాడింది, చుట్టూ పిచ్చుకలు కిచకిచలాడాయి. ఎంత పోతోందో తెలుసుకోవడానికి అక్కడే రెసిడ్యూ అనే ఎంపిక ఉంది. దాన్ని ఎంచుకుంటే ఉంచబోయేది కాక తీసేయబోయేది వినిపిస్తుంది. అందులో బుస్సుమనే చప్పుడు మాత్రమే ఉంటే సరే. పాట లీలగానైనా వినిపించిందంటే ఎక్కువ తుడుస్తున్నారని అర్థం. విన్నాక ఎంపికను మళ్ళీ రెడ్యూస్‌కు మార్చడం మరవకూడదు, లేకపోతే చెత్తను దాచి పాటను పారేసినట్టవుతుంది.

అన్ని చప్పుళ్ళనూ తీయాలని కూడా లేదు. మా క్యాసెట్‌లో ఒక హారతి నడుమ ప్రెషర్ కుక్కర్ మూడు కూతలు కూస్తుంది. వాటిని స్పెక్ట్రోగ్రామ్ చూపులో, అంటే ధ్వనిని ఫ్రీక్వెన్సీల బొమ్మగా చూపే తీరులో, పెట్టుకుంటే తెల్లని గీతల్లా స్పష్టంగా కనిపిస్తాయి, ఎంచి తుడిచేయవచ్చు. తుడిచి విన్నాను. మూడో కూత తర్వాత అమ్మమ్మ పాట ఆపకుండానే, అదే రాగంలో, ‘ఆ పొయ్యి కట్టవే’ అంటుంది. కూతలు లేకపోతే ఆ మాట ఎందుకో ఎవరికీ తెలియదు. చేసినదాన్ని రద్దు చేసి కూతలను అలాగే ఉంచాను.

దాచుకోవడం, పంచుకోవడం

దాచుకునే ప్రతి ఎప్పుడూ వేవ్ లేదా ఫ్లాక్ రూపంలో ఉండాలి. 44,100 కొలతలు, 16 బిట్లు, స్టీరియో అయితే నిమిషానికి సుమారు 10.6 మెగాబైట్లు, అరవై నిమిషాల క్యాసెట్‌కు 635 మెగాబైట్లు అవుతుంది; ఫ్లాక్‌లో ఏమీ నష్టపోకుండానే అది చాలావరకు తగ్గుతుంది. ఏ సవరణా చేయని ప్రతిని ఒకటి వేరుగా ఉంచండి. కనీసం రెండు వేర్వేరు డిస్కుల్లో పెట్టండి, తిరిగే హార్డ్‌డిస్కును మాత్రం స్పీకరు మీద పెట్టవద్దు. జానెట్ జాక్సన్ పాట ఒకటి మోగితే కొన్ని పాత ల్యాప్‌టాప్‌లు ఆగిపోయేవని, ఆ పాటలోని ఒక ధ్వని వాటిలోని 5,400 ఆర్‌పీఎం హార్డ్‌డిస్కుల సహజ కంపనంతో కలవడమే కారణమని మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ 2022లో రాశారు. పాట ఆ ల్యాప్‌టాప్‌లోనే మోగనక్కరలేదట, పక్క ల్యాప్‌టాప్‌లో మోగినా చాలట.

బంధువులకు పంపడానికి ఎంపీ3 సరిపోతుంది గానీ హరికథ విషయంలో ఒక జాగ్రత్త కావాలి. ఎంపీ3 ధ్వనిని 576 కొలతల గుత్తులుగా తీసుకుని, చెవికి అందదని తోచినదాన్ని వదిలేస్తుంది. ఒక గుత్తి సుమారు 13 మిల్లీసెకన్లు. నిశ్శబ్దంలో హఠాత్తుగా చిడత కొట్టినప్పుడు, వదిలేయడం వల్ల పుట్టిన గరగర ఆ గుత్తి అంతటా పరుచుకుని, దెబ్బకు ముందే ‘ఫ్ఫ్’ అని వినిపిస్తుంది. ఎంపీ3 లాంటి పద్ధతులను పరీక్షించేవారికి స్పానిష్ క్యాస్టనెట్లు పేరుపొందిన చిక్కు ప్రశ్న. మన చిడతలు వాటికి దగ్గరి చుట్టాలు. ఎంపీ3ని రూపొందించినవారిలో ముఖ్యుడైన కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్‌ను అంతకంటే ఇబ్బంది పెట్టింది వాద్యాలేవీ లేకుండా సుజాన్ వేగా ఒంటరిగా పాడిన పాట. ఆ గొంతు సహజంగా వినిపించేవరకు ఆయన దాన్నే పదేపదే విని పద్ధతిని సవరించారు. కనుక చిడతలకైనా, ఒంటి గొంతు పద్యానికైనా సెకనుకు 192 కిలోబిట్లకు తగ్గకండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి.

చివరిది ఫైళ్ళకు పేర్లు పెట్టడం. ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి, పాత కారు స్టీరియోలకు తెలుగు లిపి చూపిస్తే ఖాళీ డబ్బాలు చూపుతాయి. అంకెలు మాత్రం 1, 2 అని కాక 01, 02 అని మొదలుపెట్టండి. మా ఊరి రామాయణం హరికథ ఆరు క్యాసెట్లు, పన్నెండు వైపులు. నేను వాటికి 1 నుంచి 12 వరకు పేర్లు పెట్టి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని అమ్మను కారులో తిరుపతికి తీసుకువెళ్ళాను. స్టీరియో అంకెలను అంకెలుగా కాక అక్షరాలుగా చూసి 1 తర్వాత 10, 11, 12 వేసి, ఆ తర్వాత 2కు వచ్చింది. దశరథుడు యాగం మొదలుపెట్టాడు, వెంటనే లంక కాలింది, రావణుడు పడ్డాడు, పట్టాభిషేకం జరిగింది. నెల్లూరు దాటేసరికి రాముడు పుట్టాడు. అమ్మ వెనక సీట్లోంచి, ‘ఈ దాసుగారు ఎవరురా, కొత్తగా చెబుతున్నాడు’ అంది.